ల్యాంప్ రూమ్ బడిలో రెండు థర్మామీటర్లు

31వ రోజు. రోహిణి కార్తె

పిల్లలతో కార్తెకో పని చేయించాలని, ఈ ఏడాది ఎండల నుంచి తలదాచుకోవడానికి గని దిగేముందే అనుకున్నాను. భరణిలో వడియాలు ఎండబెట్టి రోజూ తూచాం. కృత్తికలో కిటికీలోంచి పడే ఎండ గచ్చు మీద ఎంత జరుగుతుందో సుద్దతో గీశాం. రోహిణికి రెండు థర్మామీటర్ల పని.

బడి ఉన్నది పాత ల్యాంప్ రూమ్‌లో. గని నడిచిన రోజుల్లో కార్మికులకు తల దీపాలు ఇచ్చిన గది ఇది. గని నోటికి ఆనుకొని ఉంటుంది కాబట్టి పద్నాలుగు వందల మందిలో బయటి వెలుగు చూసేది మేము, గేటు దగ్గరివాళ్ళు మాత్రమే. దీపాలు అందించిన కిటికీకి లోపల అద్దం తలుపు, బయట ఇనుప రేకుల తలుపు, రెంటి మధ్య మూరెడు జాగా ఉన్నాయి. సామాను అందులో పెట్టి, అద్దం మూసి, గొలుసు లాగితే బయటి రేకులు తెరుచుకుంటాయి. బయటి గాలి ఆ మూరెడు జాగాలోకి వస్తుంది, మా మీదికి రాదు.

ఒక థర్మామీటర్‌ను ఊరికే పెట్టాం. రెండోదాని కింది గుండుకు పంచెగుడ్డ పీలిక చుట్టి, పీలిక చివర నీళ్ళ గిన్నెలో వేశాం. పక్కన కాల్చిన అప్పడం ఒకటి. గాలిలో తేమ ఎక్కువైతే అప్పడం మెత్తబడుతుందని వాళ్ళకు కళ్ళతో చూపించాలని.

అరగంట తరువాత పొడిది 47, తడిది 33.

"ఒక్క కిటికీలనే ఉన్నయి గద టీచర్, రెండు తీర్ల ఎందుకు చూపెడుతున్నయి?" అంది జైనబ్. ఆరేళ్ళది, వంట చూసే శంషాద్ కూతురు.

గుడ్డలో నీళ్ళు ఆరిపోతూ వేడిని వెంట తీసుకుపోతాయని చెప్పాను. మన చెమట కూడా అంతే, ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది అన్నాను.

"అంటే నీళ్ళు వేడిని ఎత్తుకపోతయా? దొంగతనంగనా?" అన్నాడు రాజనర్సు.

"దొంగతనంగనే" అన్నాను.

మధ్యాహ్నం పిల్లల్ని గేటు బోర్డు దగ్గరకు తీసుకెళ్ళాను. గేటును నడిపించేది ఆ బోర్డు మీది ఒక్క అంకె. గేటు బయట, పైన ఒక చెక్క పెట్టెలో మా గుడ్డలాంటిదే ఒక గుడ్డ చుట్టిన యంత్రం ఉంది, బోర్డు దాని అంకె చూపిస్తుంది. వరుసగా రెండు పొద్దులు ఆ అంకె 31కి తగ్గితే గేటు దానంతటదే తెరుచుకుంటుంది. ఈ రోజు బోర్డు మీద 33. మా తడి అంకే. పిల్లలు చప్పట్లు కొట్టారు. గేటు చూసే ఓదెలు బాపు కూడా నవ్వాడు. ఆయన నవ్వడం ఈ వేసవిలో అదే మొదలు.

38వ రోజు. రోహిణి

పొద్దున పది గంటలకు గాలిదుమారం లేచింది. ల్యాంప్ రూమ్ కిటికీ రేకులు డప్పుల్లా మోగాయి. పిల్లల్ని లోపలి సొరంగపు గ్యాలరీలోకి పంపాను. చినుకు పడలేదు, ఒట్టి దుమ్ము. పక్క గనితో మాట్లాడే తీగ తెగిపోయింది. సాయంత్రానికి గాలి తగ్గింది గాని కిటికీ తెరుచుకోలేదు, సందులన్నీ దుమ్ముతో పూడుకుపోయాయి.

39వ రోజు. రోహిణి

బోర్డు మీద 42.

జనం బోర్డు కింద నిలబడి అలా చూస్తూ ఉండిపోయారు. తడి అంకె 36 దాటితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా కొన్ని గంటలకు మించి బతకడని చిన్నపిల్లలకు కూడా తెలుసు ఇక్కడ. 42 ఎవరూ చూడలేదు. అయినా ఎవరూ తప్పనలేదు. ఎండలు మనకు తెలిసిన లెక్క తప్పి చాలా ఏళ్ళయింది, ఏదైనా నమ్మడానికి అలవాటుపడ్డాం.

ఇంకో మాట కూడా వినబడింది. గనిలోకి గాలి దింపే గాలి బావి మీది పెద్ద ఫ్యాను సగం వేగంతోనే గాలి లాగుతోందట. నిన్నటి దుమ్మూ చెత్తా దాని జాలీని మూసేసి ఉండాలి. ఫ్యాన్ హౌస్ గుట్ట మీద ఉంది, గేటు నుంచి కిలోమీటరున్నర. జాలీని శుభ్రం చేయాలంటే ఎవరైనా గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి బయటికి వెళ్ళి మూడు నాలుగు గంటలు పని చేయాలి. ఆ పక్క తలుపు తాళం ఓదెలు బాపు దగ్గర ఉంటుంది.

40వ రోజు. రోహిణి

కిటికీ సందుల్లో దుమ్మును గరిటె కాడతో గీకి తెరిచాం. గుడ్డ మార్చి, గిన్నె నింపి పెట్టాం. పొడిది 41, తడిది 26.

గుడ్డ సరిగ్గా చుట్టలేదేమో అనుకొని మళ్ళీ చుట్టాను. 26.

పిల్లలు ఆవులిస్తున్నారు. ఇద్దరికి తలనొప్పి. గాలి బరువుగా ఉంది.

41వ రోజు. రోహిణి

థర్మామీటర్ చెడిపోయిందేమోనని గుడ్డను రెండోదానికి మార్చాం. ఇప్పుడు రెండోది 26, మొదటిది 41. థర్మామీటర్లు రెండూ మంచివే.

అప్పడం బయటికి తీశాం. రాజనర్సు విరిచాడు. ఠప్పున విరిగింది. అందరూ తలో ముక్క తిన్నారు.

నేను తినలేదు. నా ముక్కను మళ్ళీ విరిచి చూశాను. గాలిలో అంత తేమ ఉంటే అప్పడం అలా విరగదు.

42వ రోజు. రోహిణి ఆఖరు

పొద్దున బోర్డు దాటి బడికి వస్తుంటే జైనబ్ ఆగింది. అంకె 37. గదిలోకి వచ్చి నేరుగా కిటికీ దగ్గరకు వెళ్ళింది.

"టీచర్, మన పొడిది గూడ 37."

"ఊఁ."

"నిన్న గూడ అంతే. 41, 41. ఓదెలు తాతది మన పొడి అంకె అయింది."

మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే బోర్డు దగ్గరకు వెళ్ళి చూసి వచ్చాను. అక్కడ 42. కిటికీలో పొడిది 42, తడిది 26.

ఆరేళ్ళ పిల్ల చూసింది నేను మూడు రోజులుగా చూడలేదు. పై పెట్టెలో గుడ్డ ఎండిపోయింది. దుమ్ము పట్టో, నీళ్ళ గొట్టం మూసుకుపోయో. గుడ్డ ఎండితే అది తడి అంకె చూపించదు, ఉత్త వేడిని చూపిస్తుంది. ఒకప్పుడు బోర్డు మీద రెండు అంకెలూ ఉండేవి. జనం తికమక పడుతున్నారని పొడి అంకె తీసేశారు. అదే ఉండి ఉంటే మొదటి రోజే ఎవరైనా పట్టుకొనేవాళ్ళు.

ఈ మాట ఎవరితోనూ చెప్పలేదు.

ఎందుకో రాస్తాను. పదహారేళ్ళ కింద, గేటుకు తాళం లేని రోజుల్లో, ఒక మృగశిరలో మబ్బు పట్టి గాలి చల్లగా తగిలింది. జనం సంతోషంతో పైకి వెళ్ళి పనుల్లో పడ్డారు. ఎండ లేదు గాని గాలి నిండా తేమ. సాయంత్రానికి ఇరవై ముగ్గురు పోయారు. వాళ్ళలో ఓదెలు బాపు తమ్ముడు గట్టయ్య ఒకడు. "చల్లగున్నదన్నా, రా" అని కేకేసింది అతనే. ఆ తరువాతే అంకె, బోర్డు, తాళం. మనిషి మాట మీద ఎవరూ బయటికి వెళ్ళకూడదన్నది ఆ రోజు నుంచి ఇక్కడి రూలు.

ఇప్పుడు నేను వెళ్ళి "బయట బాగానే ఉంది" అని చెప్పాలి. నా లెక్క తప్పితే?

43వ రోజు. మృగశిర మొదటి రోజు

శంషాద్ ఎండు చేపల పులుసు పెట్టింది. మృగశిర నాడు చేప తినాలని ఎవరూ మానరు. ఎవరూ రెండో ముద్ద అడగలేదు. పాకుతూ తిరిగే పిల్లలు కూడా తల్లుల ఒళ్ళోంచి దిగడం లేదు. పెద్ద ఫ్యాను పావు వేగానికి పడిపోయింది.

భోజనాల దగ్గరే ఓదెలు బాపు లేచి నిలబడ్డాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అందరూ చెవులు రిక్కించాల్సి వచ్చింది.

"రేపు తెల్లారంగనే పక్క తలుపు తీసుకొని నేనొక్కన్నే ఫ్యాన్ హౌస్‌కు పోత. ఎంత సేపు పని చెయ్యగలిగితే అంత సేపు చేస్త. నా ఎనుక ఎవ్వరు రావద్దు. తలుపు తాళం శంషాద్‌కు ఇచ్చి పోత."

ఆయన చనిపోవడానికి వెళ్తున్నాడని అందరికీ అర్థమైంది. శంషాద్ పులుసు గరిటె కింద పెట్టింది.

నేను వెంట వెళ్ళి గేటు గది దగ్గర ఆపాను. గుడ్డ సంగతి చెప్పాను. అప్పడం సంగతీ చెప్పాను. చెబుతుంటే నాకే పిల్లల ఆటలా వినిపించింది.

"బిడ్డా, నువ్వు నన్ను ఆపాల్నని చెప్తున్నవు. నాకు తెలుసు" అన్నాడు.

"ఆపడానికి గాదు బాపు. పోదాం అంటున్న. పది మందిమి పోదాం."

ఆయన ముఖం మారిపోయింది.

"పది మందినా? గీ పిల్లలాట నమ్ముకొనా? మల్ల గా మాట అనకు, భూలక్ష్మీ."

బాపు నన్ను పేరు పెట్టి పిలవడు. టీచరమ్మా అంటాడు, లేకపోతే బిడ్డా అంటాడు. తలుపు వేసుకున్నాడు.

తలుపు బయటి నుంచే అన్నాను. "పొయ్యేముందు ఒక్కసారి బడికి రా బాపు. మా కిటికీ చూసి పో. అంతే."

బడికి తిరిగి వచ్చి గిన్నె నింపి, కిటికీలో కొత్త అప్పడం పెట్టాను.

44వ రోజు. మృగశిర. ఇది పొద్దుగూకక ముందే రాస్తున్నాను

తెల్లవారగానే వచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో పార, నడుముకు నీళ్ళ సీసా. నేను ఒక్కదాన్నే ఉంటానని అనుకొని ఉంటాడు. శంషాద్, జైనబ్ కూడా ఉన్నారు. జైనబ్‌ను నేను పిలవలేదు, తల్లి కొంగు పట్టుకొని వచ్చేసింది.

"ఏది, చూపెట్టు" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపు జైనబ్ ఆయన చేతిలో పొడి పీలిక పెట్టింది.

"నువ్వే చుట్టాలె తాతా. గట్టిగ చుట్టొద్దు. కొస నీళ్ళల్ల ముంచాలె."

పార గోడకు ఆనించి ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్ద వేళ్ళు. పీలిక రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి నిలిచింది. కిటికీలో పెట్టి, అద్దం మూసి, గొలుసు ఆయనే లాగాడు. అద్దానికి ముఖం ఆనించి ఎర్రగీతనే చూస్తున్నాడు. అది మెల్లగా దిగింది. 34. 30. 27. 25 దగ్గర ఆగింది. పక్కది 37 మీదే ఉంది.

"బోర్డు మీద ఎంతున్నది బాపు?"

"ముప్పై ఏడు" అన్నాడు. వస్తూ చూసే ఉంటాడు.

"ఇప్పుడు గా గుడ్డ తియ్యి తాతా" అంది జైనబ్. బయటి రేకులు మూసి, అద్దం తెరిచి, గుడ్డ తీసి తుడిచి మళ్ళీ పెట్టించింది. ఎర్రగీత ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కి, ఎక్కి, 37 దగ్గర పక్కదానితో సమానమైంది.

ఓదెలు బాపు రెండు గీతలనూ అద్దం మీద వేలితో కొలిచాడు.

"నా పెట్టెల గుడ్డ ఎండింది" అన్నాడు చివరికి.

 రాత్రంతా కిటికీలో ఉన్న అప్పడం తీసి ఆయన చేతికిచ్చాను. విరిచాడు. చప్పుడు గదంతా వినబడింది.

"పదారేండ్ల సంది గా అంకెనే నమ్ముకున్న బిడ్డా. అంతకు ముందు మనిషి మాట నమ్మిన. రెండు సార్లు నేనే గదా నమ్మింది."

"ఈసారి ఎవ్వల మాటా కాదు బాపు. నువ్వే చుట్టినవు, నువ్వే చూసినవు."

లేచాడు. "అయినా గుంపును తీస్కపోను. ముందుగాల నేను పోత. మంచిగుంటే పిలుస్త."

"నేను గూడ వస్త" అన్నాను. "థర్మామీటర్ పట్టుకునేటోళ్ళు ఒకరు కావాలె గద."

శంషాద్ నా చేయి పట్టుకుంది.  కొంతసేపటికి వదిలి, అంబలి నింపిన సీసా తెచ్చి ఇచ్చింది.

పక్క తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. నలభై నాలుగు రోజుల తరువాత మొదటి అడుగు. కళ్ళు మూసుకుపోయాయి. రేకుల కప్పులు ఎగిరి రోడ్డు మీద పడి ఉన్నాయి. బొగ్గు దుమ్ము, ఎర్ర దుమ్ము కలిసి అన్నిటి మీదా ఒకే రంగు. నేను తడి గుడ్డ థర్మామీటర్‌ను గొడుగు నీడలో పట్టుకొని నడిచాను. ప్రతి వంద అడుగులకు ఆగి పైకి చదివాను. "ఇరవై ఐదు. ఇరవై ఐదు. ఇరవై ఆరు."

ఆయన అంకె అడగలేదు. తన చేతినే చూసుకుంటూ నడుస్తున్నాడు. గుట్ట ఎక్కే మలుపులో ఆగిపోయాడు. గొడుగు ఆయన మీదికి జరిపాను.

"ఏమైంది బాపు? కండ్లు తిరుగుతున్నయా?"

"లేదు." మోచేయి నా ముందుకు చాపాడు. "చెమట చూడు. ఆరుతున్నది."

చూశాను. చర్మం మీద ఉప్పు తెల్లగా గీతలు కట్టింది.

"గట్టయ్యను ఎత్తుకొచ్చిన నాడు వాని అంగి పిండితే నీళ్ళు కారినయి. ఒక్క చుక్క ఆరలే. అప్పుడు నాకు తెల్వదు దాని అర్థం." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట ఒక్కటే కాదు. "ఇది ఆరుతున్నది బిడ్డా. నీ లెక్క మంచిదే."

ఫ్యాన్ హౌస్ గోడ మీద తీతువు పిట్ట కూర్చొని ఉంది. మమ్మల్ని చూసి అరుస్తూ ఎగిరింది. జాలీ మీద ఆకులు, రేకు ముక్క, ఒక చిరిగిన పట్టా, వాటి మీద జానెడు మందాన దుమ్ము. బాపు గుట్ట అంచుకు వెళ్ళి కింద గేటు వైపు తువ్వాల ఊపాడు. పక్క తలుపులోంచి శంషాద్ కూడగట్టిన ఆరుగురు ఒకరి వెనక ఒకరు వచ్చారు, పారలూ చీపుళ్ళూ పట్టుకొని.

ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు నీడ. నేను అంకె చదువుతూ, అంబలి పోస్తూ ఉన్నాను. పది గంటలకు రేకు ముక్క ఊడివచ్చింది. ఆఖరున పట్టాను ముగ్గురు పట్టి లాగారు. అది వస్తూనే జాలీ లోపలికి గాలి దూసుకుపోయింది, నా గొడుగు అటు వంగింది. అప్పటిదాకా మూలుగుతున్న ఫ్యాను గొంతు మారి ఒకే ధారగా మోగింది. ఆ చప్పుడు విని నేను నేల మీద కూర్చుండిపోయాను. 

తిరిగి వస్తూ చెక్క పెట్టె తెరిచాం. గుడ్డ మీద దుమ్ము పెచ్చు కట్టింది, నీళ్ళ గొట్టంలో మట్టి. బాపు గొట్టాన్ని ఊది, కొత్త గుడ్డ తనే చుట్టాడు. గట్టిగా చుట్టలేదు. మేము తలుపు దాటి లోపలికి వచ్చేసరికి బోర్డు కింద జనం అరుస్తున్నారు. 40 నుంచి అంకె దిగుతోందట. 33 అని ఒకరు, 29 అని ఒకరు. 26 దగ్గర నిలిచింది.

జైనబ్ అరవలేదు. బడికి వెళ్ళి పుస్తకంలో తడి అంకె గడిలో 26 రాసి, నాకు చూపించింది. ఆరు తిరగబడి ఉంది. నేను దిద్దలేదు.

45వ రోజు. మృగశిర

పొద్దున బోర్డు మీద 25. కిటికీలో 25. ఒక పొద్దు అయింది, ఇంకొకటి కావాలి.

తలనొప్పులు తగ్గాయి. పాకే పిల్లలు మళ్ళీ గ్యాలరీ నిండా తిరుగుతున్నారు, కాలు పెట్టడానికి చోటు లేదు. కొండంత పేరుకున్న పనులన్నీ ఈ రోజే చేయాలన్నట్టు అందరూ మూటలు కడుతున్నారు.

బోర్డు కింద ఇంకో బోర్డు బిగించారు, ఒకప్పుడు తీసేసిన పొడి అంకె మళ్ళీ దాని మీద. రెండు అంకెలూ ఒకటైతే ఏం చేయాలో రాసిపెట్టమని ఓదెలు బాపు అడిగాడు. నేను రాశాను: "రెండూ సమానమైతే బడి కిటికీలో పెట్టిన అప్పడం విరిచి చూడండి. మెత్తగా ఉంటే ఎవరూ వెళ్ళొద్దు. ఠప్పుమంటే గుడ్డ ఎండింది." చదివి, "అప్పడం అని బోర్డు మీద రాస్తరా ఎవలన్న?" అన్నాడు. తుడవలేదు మాత్రం.

46వ రోజు. మృగశిర

బోర్డు మీద 24. ఏడు గంటల పది నిమిషాలకు గేటు తాళాలు వాటంతటవే ఊడాయి.

పిల్లలు పరుగెత్తుతారనుకున్నాను. పరుగెత్తలేదు. గడప దాటి, కళ్ళ మీద చేతులు పెట్టుకొని, గుంపుగా నిలబడ్డారు. రాజనర్సు మొదట వంగి మట్టి పట్టుకున్నాడు. ఆ తరువాత వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పద్నాలుగు వందల మంది బయటికి వచ్చేసరికి తొమ్మిదయింది. మూటలు, మంచాలు, మేకలు, అరుపులు. లోపల ఎవరూ మిగలలేదని చెప్పడానికి బాపు కోసం వెతికాను. గేటు దగ్గర లేడు. బోర్డు దగ్గరా లేడు.

శంషాద్ చూపించింది. గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఆకులు రాలిన వేపచెట్టు కింద, నేల మీదే, తువ్వాల తలకింద పెట్టుకొని పడుకొని ఉన్నాడు. గాలిదుమారం వచ్చినప్పటి నుంచి ఆయన పడుకోవడం నేను చూడలేదు. ఒక్క క్షణం భయపడ్డాను. అంతలో గురక వినిపించింది.

ఆయన పక్క నుంచే దారి. పెద్దవాళ్ళు మాటలు తగ్గించి వెళ్తున్నారు. ఒకతను మేకను భుజాన వేసుకొని, దాని నోరు చేత్తో మూసి దాటాడు. జైనబ్ దూరంగా నిలబడి వచ్చే పోయేవాళ్ళందరికీ "ష్" అంటోంది, అందరికంటే గట్టిగా.

నేను చెట్టుకు ఆనుకొని కూర్చున్నాను. ఆయన లేచేదాకా అక్కడే ఉన్నాను. చేయాల్సిన పని ఏదీ గుర్తుకు రాలేదు.